కారులో కూత

మా తమ్ముడు సుందరం ఉద్యోగం నుంచి దిగిపోయాక కొత్త కారు కొన్నాడు. రిటైరైన మనిషికి ఏదో ఒక పిచ్చి పట్టకపోతే పొద్దుపోదు కాబట్టి నేనేమీ అనలేదు. కారుతో పాటు వచ్చిన స్టీరియో మాత్రం వాడి చెవికి ఆనలేదు. "డబ్బాలో గులకరాళ్ళు పోసి ఊపినట్టుందక్కా, వేరేది పెట్టిస్తాను, తోడు రా" అని తాడేపల్లిగూడెం నుంచి ఏలూరులో మా ఇంటికి వచ్చి మరీ నన్ను లేవదీశాడు. నేను సర్వీసంతా హైస్కూల్లో సైన్సు చెప్పినదాన్ని. ఏటా ధ్వని పాఠం చెప్పాను కాబట్టి స్టీరియోలూ స్పీకర్లూ నాకు తెలుస్తాయని వాడి నమ్మకం. పాఠం చెప్పడం వేరు, వైరు కలపడం వేరు అంటే వినడు.

షాపు ముందు చెట్టు నీడన కారు పెట్టించి మాకు రెండు ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. పని చేసే నాగరాజు నలభై ఏళ్ళవాడు, నెమ్మదైన మనిషి. అతను సీట్లు ఊడదీశాడు, తలుపుల లోపలి అట్టలు విప్పాడు, కాళ్ళ కింద చాపలు లేపాడు. చర్చి అయ్యగారి చేత ప్రార్థన చేయించి తెచ్చుకున్న కారు అలా పేగులన్నీ బయటపెట్టుకుని కూర్చుంటే మా వాడి ముఖం చూడాలి. "మళ్ళీ అన్నీ పడతాయంటావా?" అని మాటిమాటికీ అడిగాడు. నాగరాజు విసుక్కోలేదు. కొత్త స్టీరియో ముందు పెడతాననీ, ఆంప్లిఫయరు డ్రైవరు సీటు కింద పడుతుందనీ, నాలుగు తలుపుల్లో నాలుగు స్పీకర్లు వస్తాయనీ ఓపిగ్గా చెప్పాడు.

తరవాత ఎర్రటి లావుపాటి వైరు చుట్ట ఒకటి చూపించి అన్నాడు: "ఇదండీ, బ్యాటరీ నుంచి ఆంప్లిఫయరుకి కరెంటు తెచ్చే వైరు. దీన్ని ఇటుపక్క నుంచి తెస్తాను. పాట వైర్లు అటుపక్క నుంచి తెస్తానండి. రెండూ కలిపి ఒకే పక్క నుంచి లాగేసేరనుకోండి, ఇంజను కూత స్పీకర్లోకి వచ్చేస్తాదండి. ఎక్సిలేటరు తొక్కే కొద్దీ కుయ్యిమంటా పెరిగిపోద్ది."

మా తమ్ముడు నా వైపు చూశాడు. నేను రోడ్డు వైపు చూశాను. ఆ కూత ఎలా ఉంటుందో మాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ కూత మా ఇంట్లోకి ఏం మోసుకొచ్చిందో తెలిసినవాళ్ళలో మేమిద్దరమే మిగిలాం.

మా ఇల్లు తాడేపల్లిగూడేనికి పక్కన, పెంటపాడు వెళ్ళే దారిలో కాలవ గట్టు మీద ఉండేది. మా నాన్న పేరు దేవదానం. గూడెం స్టేషన్ దగ్గర స్టాండులో అంబాసిడర్ టాక్సీ తోలేవాడు. తెల్లారేసరికి కాలవలోంచి బకెట్లతో నీళ్ళు తెచ్చి కారు కడగడం, పాత కాయితాలతో అద్దాలు తుడవడం ఆయనకు మొదటి ప్రార్థన, అసలు ప్రార్థన ఆ తరవాతే. ఆయన చొక్కాకు ఎప్పుడూ పెట్రోలు వాసన, అమ్మ చేతులకు ఎప్పుడూ కుంకుడుకాయ వాసన వచ్చేవి. పొయ్యి మీద గంజి పొంగే వాసన, గట్టు కింద నాచు వాసన, మా గేదె పేడ వాసన, వీటన్నిటి మధ్య అమ్మ పాట. బియ్యం చెరిగితే పాట, అంట్లు తోమితే పాట. నాన్నకు పాట బొత్తిగా రాదు. ఆయన గొంతెత్తితే గేదె పలుపు తెంపుకుంటుందని అమ్మ ఏడిపించేది. "నాకు పాట ఎందుకే, పాటే వంట చేసి పెడుతుంటే" అని ఆయన నవ్వేసేవాడు. నాన్నకు అమ్మ పాట అంటే ఎంత గర్వమో చెప్పలేను. స్టాండులో తోటి డ్రైవర్లు ఆదివారం బేరాలకు పోతుంటే ఈయన మాత్రం గుడి, అంటే మా చర్చి, అయ్యేదాకా కారు కదిలించేవాడు కాదు.

అమ్మది కొల్లేటి మధ్య ఊరు. ఆ రోజుల్లో వానాకాలం వస్తే వాళ్ళకు రోడ్డు లేదు, దోనెల మీదే రాకపోకలు. ఆదివారం నాడు ఊరంతా దోనెలెక్కి గుడి ఉన్న ఊరికి వెళ్ళేవాళ్ళు. ముందు దోనెలో ఒకరు పాట ఎత్తుకోవాలి, వెనక దోనెవాళ్ళు అందుకోవాలి, వాళ్ళ నుంచి ఆ వెనకవాళ్ళు అందుకోవాలి. అమ్మకు ఊహ తెలిసినప్పటి నుంచీ ముందు దోనెలో కూర్చోబెట్టేవారట. పాట ఎత్తేవాళ్ళు తమ గొంతు చూసుకోకూడదనీ, ఆఖరి దోనెలో కూర్చున్న ముసలమ్మ గొంతు చూసుకోవాలనీ అమ్మ నాకు చెప్పేది. పల్లవి మరీ పైస్థాయిలో ఎత్తుకుంటే చరణం దగ్గర ఆవిడ అందుకోలేదు. అందుకోలేక ఊరుకుంటే ఆవిడకు ఆ వారం గుడికి వెళ్ళినట్టే ఉండదు.

పెళ్ళయి మా ఊరొచ్చాక మా గుడిలో పాట ఎత్తడం అమ్మ పనయింది. దొరల కాలంలో కట్టిన పెంకుల గుడి అది. చాపల మీద మగవాళ్ళు ఒక వైపు, ఆడవాళ్ళు ఒక వైపు. అయ్యగారు ఫలానా పాట అంటారు. అందరూ పుస్తకాలు తెరుస్తారు. కానీ అమ్మ ఎత్తేదాకా ఒక్క గొంతు లేవదు. హార్మోనియం వాయించే సంఘపెద్ద కూడా వేళ్ళు మెట్ల మీద పెట్టుకుని ఆవిడ నోటి వైపే చూసేవాడు. అది ఎవరూ రాసిపెట్టిన పద్ధతి కాదు. ఒకరి పని ఇంకొకరు లాక్కోవడం మర్యాద కాదని మా వాళ్ళకు పుట్టుకతో వచ్చిన భయం, అంతే.

అమ్మకు పరధ్యానం ఎక్కువైందని మేం అనుకోవడం ఎప్పుడు మొదలుపెట్టామో నాకు గుర్తు లేదు. వెనక నుంచి సైకిలు బెల్లు కొడితే తప్పుకునేది కాదు. కుక్కరు ఎన్ని ఈలలు వేసినా దింపేది కాదు, పప్పు మాడిన వాసన వచ్చాక గబగబా లేచేది. పిలిస్తే ఒక్కోసారి పలికేది, ఒక్కోసారి పలికేది కాదు. నాన్న పిలిస్తే మాత్రం ఎప్పుడూ పలికేది. ఆయనది బొంగురు గొంతు, అందుకని. అప్పట్లో మాకది తట్టలేదు. "మొగుడు పిలిస్తే వినబడుద్ది, పిల్లలు పిలిస్తే వినబడదు" అని తమ్ముడు మూతి ముడుచుకునేవాడు. అమ్మ కూడా నవ్వి, "పోనీలెండి, నా మతిమరుపు నాకుంది" అనేది.

అలాంటి రోజుల్లో నాన్న కారుకి స్టీరియో పెట్టించాడు. పెళ్ళి బేరాలకు పాటలున్న కారే కావాలంటున్నారని కొన్నాడు. ఉత్త స్టీరియో సరిపోదని ఎవరో ఎక్కించారు. ఆంప్లిఫయరు, వెనక అద్దం కింద పెట్టుకునే పెద్ద స్పీకర్లు రెండు కూడా వచ్చాయి. నాన్నా, రేడియోలు బాగుచేసే ఆయన స్నేహితుడొకాయనా కలిసి మా వాకిట్లోనే పొద్దుటి నుంచీ కూర్చుని బిగించారు. బ్యాటరీ దగ్గర నుంచి లావు వైరూ, స్టీరియో నుంచి సన్న వైర్లూ అన్నీ ఒకే కట్టగా కట్టి, చూడ్డానికి శుభ్రంగా ఉంటుందని ఒకే పక్క నుంచి చాప కింద తోసేశారు. అమ్మ వాళ్ళకు కొరమీను పులుసు వేసి అన్నం పెట్టింది. కారు నిలబెట్టి పాట పెడితే అద్భుతంగా మోగింది. గట్టు మీద జనం మూగారు. నాన్న ఆ సాయంత్రం కారు చుట్టూ తిరిగిన తిరుగుడు నాకిప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది.

మర్నాడు అందరం అమ్మమ్మ వాళ్ళ ఊరు బయలుదేరాం. అప్పటికి కొల్లేటి గట్టు దాకా కారు పోయే దారి పడింది. నాన్న గుడి పాటల క్యాసెట్టు పెట్టాడు. స్టార్టు చేయగానే పాట వెనక ఏదో సన్నగా కుయ్యిమంది. కారు కదిలింది, కుయ్యి పెరిగింది. గూడెం దాటి పిప్పర దారి పట్టేసరికి అది చెవిలో సూది దింపినట్టు తయారైంది. వెనక సీట్లో నేనూ తమ్ముడూ చెవులు మూసుకున్నాం. స్పీకర్లు మా మెడల వెనకే ఉన్నాయి మరి. నాన్న పళ్ళు బిగించి తోలుతున్నాడు. అమ్మ ముందు సీట్లో కూర్చుని, కిటికీలోంచి వరిచేలు చూస్తూ, తొడ మీద వేళ్ళతో తాళం వేసుకుంటోంది.

"ఎంత శుభ్రంగా ఉందండీ పాట! పక్కన కూర్చుని పాడినట్టే ఉంది" అంది.

నాన్న పెద్దగా నవ్వాడు. వేళాకోళం అనుకున్నాడు. "అవునవును. ఆ కూత కూడా పక్కన కూర్చునే కూస్తోంది" అన్నాడు.

"ఏ కూతండీ?"

నాన్న ఎక్సిలేటరు తొక్కాడు. కూత కీచుమని పైకి లేచింది. తమ్ముడు "అమ్మో" అని తల సీటులో దూర్చేశాడు. అమ్మ ఇంకా నాన్న ముఖమే చూస్తోంది, ఏదో చెబుతాడని. నాన్న నవ్వు ఆగిపోయింది. కారు పక్కకు తీసి ఆపాడు. ఇంజను ఆపలేదు. కారు ఆగి ఉండగానే ఎక్సిలేటరు తొక్కుతూ, వదులుతూ, "ఇప్పుడు? ఇదిగో, ఇప్పుడు?" అని అడిగాడు. అమ్మ చెవి ఒగ్గి వింది. మళ్ళీ వింది. వెనక్కి తిరిగి చెవులు మూసుకున్న మమ్మల్నిద్దర్నీ చూసింది.

"పిల్లలకి వినబడుతుందా?" అని అడిగింది, చాలా మెల్లగా.

తమ్ముడు తలూపాడు. వాడికి అబద్ధం చెప్పాలని తట్టే వయసు కాదు. అమ్మ ముందుకి తిరిగి కూర్చుంది. నాన్న స్టీరియో ఆపేసి కారు తోలాడు.

కొల్లేటి గట్టు చేరేసరికి పొద్దు వాలుతోంది. పిట్టలు వచ్చే కాలం అది. నీళ్ళ మీద, రెల్లు మీద, మా నెత్తి మీద గుంపులు గుంపులుగా సన్న గొంతులతో గోల చేస్తున్నాయి. మాట వినాలంటే అరవాల్సి వచ్చేది. అమ్మమ్మ ఎదురొచ్చి చేతిలో సంచి అందుకుంటే అమ్మ ఆవిడని అడిగింది, "ఈ ఏడు పిట్టలు ఆలస్యం అయినట్టున్నాయేంటమ్మా? సడి లేదు." అమ్మమ్మ ఆకాశం వైపు చూసింది, కూతురి వైపు చూసింది, అల్లుడి వైపు చూసింది. నాన్న తల దించుకున్నాడు. అమ్మ అప్పుడు పైకి చూసింది. రెక్కలు కనబడ్డాయి. గొంతులు లేవు. చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఇంట్లోకి వెళ్ళిపోయింది.

ఏలూరులో చెవి డాక్టరుగారు ఏవేవో చూసి, లోపల నరం బలహీనపడుతోందనీ, ముందు సన్నటి శబ్దాలు పోతాయనీ, తరవాత లావువి కూడా పోతాయనీ చెప్పాడు. దీనికి మందు లేదు, యంత్రం పెట్టుకుంటే కొన్నాళ్ళు సాయం చేస్తుందన్నాడు. అగ్గిపెట్టె కన్న కాస్త పెద్దదైన ఆ యంత్రం జాకెట్లో దోపుకుని, వైరు చెవిలో పెట్టుకోవాలి. దాంట్లో గిన్నెల చప్పుడు పిడుగుల్లా వినబడేది గానీ మాట మాటలా వినబడేది కాదట. అమ్మ కొన్నాళ్ళు పెట్టుకుని తీసేసింది. బంధువులు వెల్లుల్లి కాచిన నూనె వేయమన్నారు. అయ్యగారు నూనె రాసి ప్రార్థన చేశారు. అమ్మమ్మ ఉపవాసాలు ఉంది. నూనెల మీద నూనెలు పోయడమే మిగిలింది.

నాన్న మాత్రం తనకు తెలిసిన దారి ఒకటి పట్టుకున్నాడు. యంత్రం చిన్నది కాబట్టి పని చేయలేదు, శబ్దం పెద్దదైతే వినబడకేం చేస్తుంది అన్నది ఆయన లెక్క. మొదటి ఆంప్లిఫయరు తీసి పెద్దది పెట్టించాడు. తలుపుల్లో స్పీకర్లు, ముందు సీటు కింద ఇంకో పెద్ద స్పీకరు వచ్చాయి. సాయంత్రం బేరాల నుంచి రాగానే అమ్మను కారులో కూర్చోబెట్టి, అద్దాలన్నీ ఎక్కించి, గుడి పాటలు పెట్టేవాడు. తను బయట నిలబడేవాడు. లోపల మాటలు వినబడవు కాబట్టి అద్దంలోంచి సైగ చేసి అడిగేవాడు. అమ్మ తల ఊపేది. ఇంకాస్త పెంచనా అని సైగ చేసేవాడు. అమ్మ మళ్ళీ తల ఊపేది. కారు అద్దాలు వణికేవి. మా వంటింటి గూట్లో ఇత్తడి గ్లాసులు వణికేవి.

గట్టు మీద వాళ్ళు ఎవరూ మాట అనలేదు. చివరికి ఎదురింటి వెంకట్రాజుగారు వచ్చి, చాలాసేపు వర్షాల గురించి మాట్లాడి, లేవబోతూ అన్నాడు: "మరేం లేదండి దేవదానంగారూ. పాట బాగుందండి, దైవభక్తి పాట, ఎవరు కాదంటారండీ? మా గేదె చేపడం లేదండి, పాలు దిగడం లేదు. ఆ ఒక్కటేనండి." నాన్న బాధపడి ఆ మర్నాటి నుంచి కారు ఊరవతల చేలలోకి తీసుకుపోవడం మొదలుపెట్టాడు. ఇంజను ఆపి పాట పెడితే ఎక్కడా కూత ఉండదని అలాగే పెట్టేవాడు. దాంతో బ్యాటరీ పడిపోయేది. చీకటి పడే వేళకు నేనూ తమ్ముడూ వెళ్ళి కారు నెట్టాలి. అమ్మ కూడా కొంగు బిగించి దిగి నెట్టేది. తెల్లారి స్టాండులో ఆ కారు స్టార్టు కాక బేరాలు పక్క కార్లకు పోయేవి.

ఒకరోజు జడ వేస్తూ అమ్మ నాతో అంది, "సీటు కింద డబడబలాడ్డం ఒంట్లో తెలుస్తోందే. తలుపు మీద చెయ్యి వేస్తే తాళం తెలుస్తోంది. చెవిలో మాత్రం ఏం లేదమ్మా." మరి నాన్నతో చెప్పవేం అన్నాను. నా ముఖం తన వైపు తిప్పుకుని పెదాలు చూస్తూ మళ్ళీ అడిగించుకుని, "చెప్తే ఇంకా పెద్దది కొంటారు" అంది. ఇద్దరం నవ్వాం. నవ్వుతూనే ఆవిడ ఏడ్చింది. నేను జడ చివర పట్టుకుని కూర్చున్నాను.

తరవాతెప్పుడో, నేను ధ్వని పాఠం చెప్పుకుని బతికే రోజుల్లో, పెద్ద శబ్దాలు చెవిలో మిగిలిన కాస్త నరాన్ని కూడా చంపేస్తాయని చదివాను. పిల్లలకు ఆ వాక్యం ఏటా బోర్డు వైపు తిరిగి చెప్పేదాన్ని. నాన్నతో ఆ సంగతి ఎప్పుడూ అనలేదు. చెప్పి ఆయన్ని ఏం చేసుకోను? ప్రేమించి చేసినదే చెరుపు చేసిందేమో అన్న మాట మోయడానికి ఒక మనిషి చాలు.

గుడిలో అమ్మ పాట ఎత్తడం మానలేదు. చెవి పోయినా పాటలన్నీ నోటికి వచ్చు. కాకపోతే శ్రుతి జారడం మొదలైంది. పల్లవి ఒకచోట ఎత్తేది, చరణానికి ఇంకోచోట తేలేది. హార్మోనియం పెద్దాయన వేళ్ళు ఆవిడ వెనక పరుగులు పెట్టేవి. విచిత్రం ఏమిటంటే సంఘం అంతా ఆవిడ వెంటే వెళ్ళేది. ఆవిడ దిగితే అందరూ దిగేవాళ్ళు, ఎక్కితే అందరూ ఎక్కేవాళ్ళు. బయట ఊరి నుంచి వచ్చినవాళ్ళు ముఖాలు చూసుకునేవాళ్ళు. మావాళ్ళు మాత్రం అసలు పాట అదే అన్నట్టు పాడేవాళ్ళు. మొత్తం గుడి ఒక మనిషి కోసం తప్పు పాడటం నేను అక్కడే విన్నాను. అమ్మకు ఆ సంగతి తెలుసో లేదో చెప్పలేను. పక్కనే కూర్చున్న నాకు మాత్రం ఏడుపొచ్చేది, సిగ్గేసేది కూడా.

ఒక ఆదివారం అయ్యగారు దీర్ఘ ప్రార్థన చేసి ఆమేన్ అన్నారు. అందరం కళ్ళు తెరిచాం. అమ్మ తెరవలేదు. అంతకు ముందు వారం దాకా ఆయన లావు గొంతు ఎక్కడో అందేది కాబోలు, ఆ వేళ అందలేదు. ప్రార్థన ఇంకా నడుస్తోందనే అనుకుని, తల వంచుకుని, చేతులు కట్టుకుని కూర్చుంది. అయ్యగారు పాట పేరు చెప్పారు. పుస్తకాలు తెరిచారు. ఆవిడను తాకి లేపుదామని నేను చెయ్యి ఎత్తాను గానీ అది ఆవిడ దాకా పోలేదు. లేపితే అందరి ముందూ తెలిసిపోతుంది. లేపకపోయినా తెలిసిపోతోంది. ఎవరూ పాట ఎత్తలేదు. దగ్గు కూడా దగ్గలేదు.

అప్పుడు మగవాళ్ళ వైపు నుంచి నాన్న లేచాడు. నడుమ దారి దాటి ఆడవాళ్ళ చాపల మీదికి వచ్చాడు. మా గుడిలో మగవాడు అటు రావడం నేను చూడటం అదే మొదటిసారి. అమ్మ ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుని ఆవిడ చేతులు పట్టుకున్నాడు. అమ్మ కళ్ళు తెరిచింది. చుట్టూ తెరిచిన పుస్తకాలు చూసింది. ఆవిడ ముఖం తెల్లబోయింది. నోరు తెరిచింది గానీ పాట రాలేదు. నాన్న గొంతెత్తాడు. గేదెలు పలుపులు తెంపుకునే ఆ గొంతుతోనే పల్లవి ఎత్తాడు. ఎవరూ అందుకోలేదు, ఆయన ఒక్కడే పాడుతున్నాడు.

అమ్మ ఆయన ముఖం చూస్తోంది, మెడ చూస్తోంది. మెడ మీద నరాలు ఉబ్బి కనబడుతున్నాయి. చెవుల్లేని మనిషికి తన గొంతు ఎంత పెద్దదో తెలియదు కాబట్టి గుడంతా వినబడేలా అంది:

"అంత ఎత్తుకుంటే మూడో చరణం ఎవరూ అందుకోలేరండీ. దించండి."

నాన్న దించాడు. ఆవిడ అరచెయ్యి గాలిలో కాస్త కిందికి ఆడించింది. ఇంకాస్త దించాడు. చాలు అన్నట్టు చెయ్యి ఆగింది. అప్పుడు గుడంతా అందుకుంది. అమ్మ పాడలేదు. ఆ రోజు తరవాత మళ్ళీ ఎప్పుడూ పాడలేదు, ఇంట్లో కూడా.

ఆ వారమే నాన్న కారులో స్పీకర్లన్నీ ఊడదీశాడు. తలుపుల్లో బెజ్జాలు అలాగే ఉండిపోయాయి, వానాకాలం వాటిలోంచి జల్లు పడేది. గుడిలో పాట ఎత్తడం ఆయన పనయింది. నడుమ దారికి ఇవతల అంచున ఆయనా, అవతల అంచున అమ్మా కూర్చునేవారు. ఆయన ఎత్తేవాడు, ఆవిడ ఆయన మెడ చూసి చెయ్యి దించేది, లేకపోతే ఎత్తేది. వారం వారం, ఇద్దరి జుట్టూ నెరిసేదాకా అలాగే జరిగింది. ఆయన పాట ఎన్నడూ బాగుపడలేదు. జనం మాత్రం హాయిగా అందుకునేవారు.

ఇప్పుడు మా గుడి మేడయింది. గిటార్లు, కీబోర్డు, గోడంత స్పీకరు పెట్టెలు ఉన్నాయి. పాట మాటలు తెర మీద పడతాయి. వేలు నొక్కితే మొదలవుతుంది, ఎవరి కోసమూ ఎవరూ ఆగనక్కర్లేదు. అది తప్పని అనను. పిల్లలు చక్కగా పాడుతున్నారు. అమ్మలాంటివాళ్ళకు ఇప్పుడు శనగగింజంత యంత్రాలు వచ్చాయి, ఆపరేషన్లు వచ్చాయి. నాగరాజులాంటి వాళ్ళు వైర్లు విడదీసి లాగడం నేర్చుకున్నారు. మా వాకిట్లో ఆ రోజు ఎవరికైనా ఆ ముక్క తెలిసుంటే కారులో కూత ఉండేది కాదు. మాకు అమ్మ సంగతి ఇంకొన్నాళ్ళు తెలిసేది కాదు. ఆ కొన్నాళ్ళు ఉంటే బాగుండేదా, లేకపోతే నయమా అని షాపు ముందు కుర్చీలో కూర్చుని చాలాసేపు ఆలోచించాను.

మధ్యాహ్నం దాటాక నాగరాజు అట్టలన్నీ బిగించి, సీట్లు వేసి, చేతులు తుడుచుకుని వచ్చాడు. "అయిపోయిందండి. రండమ్మా, కూర్చోండి. మీకు ఇష్టమైన పాట చెప్పండి, పెట్టి చూపిస్తాను." తమ్ముడు స్టీరింగు ముందు, నేను పక్కన కూర్చున్నాం. నాగరాజు కిటికీ దగ్గర వంగి ఫోను పట్టుకుని నిలబడ్డాడు. తమ్ముడు నన్ను చూశాడు, నేను వాణ్ణి చూశాను. మా ఇద్దరికీ ఒక్క పాట పేరు నోటికి రాలేదు. "ఏదో ఒకటి పెట్టవయ్యా" అన్నాడు వాడు చివరికి. ఏదో పెట్టాడు, బాగానే మోగింది.

వాడూ నేనూ అలా ముఖాలు చూసుకోవడం అంతకు ముందు ఒకసారి జరిగింది. అది అమ్మను సమాధి చేసిన నాడు. పెట్టె గుంటలోకి దించారు. అయ్యగారు వాక్యం చదివి, ప్రార్థన చేసి, ఒక పాట పాడుకుందాం అన్నారు. సంఘమంతా నాన్న వైపు తిరిగింది. నాన్న గుంట అంచున నిలబడ్డాడు. అప్పటికి ముసలివాడు, చేతికర్ర పట్టాడు. నోరు తెరిచాడు. పాట ఏదో తెలుసు, మాటలు తెలుసు. ఎక్కడ ఎత్తుకోవాలో తెలియలేదు. ఒకసారి ఎత్తబోయి ఆగాడు. ఇంకొంచెం కింద నుంచి ఎత్తబోయి మళ్ళీ ఆగాడు. అలా ఆగిన ప్రతిసారీ కింద పెట్టె వైపు చూశాడు.

మేం అందుకోవడానికి సిద్ధంగా నిలబడ్డాం. అయ్యగారు ఆగారు, హార్మోనియం పెద్దాయన కొడుకు ఆగాడు, కొల్లేరు నుంచి వచ్చిన అమ్మ తరఫు వాళ్ళు ఆగారు. అంతమందిలో పాడటం వచ్చినవాళ్ళు లేక కాదు. ఆయన పని ఆయన చేతిలోంచి తీసుకోవడానికి ఒక్కరికీ నోరు రాలేదు. నేనూ తమ్ముడూ ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం గానీ మాకూ రాలేదు. చాలాసేపటికి నాన్న వంగి, గుప్పెడు మన్ను తీసుకుని పెట్టె మీద వేశాడు. ఆయన వెనక మేమందరం పాట లేకుండానే వేశాం.